‘మీరు మా ఫ్యామిలీ’ అంటారు, పాల డబ్బులు మాత్రం ఇవ్వరు

ఈసారి ఉత్తరం చేవెళ్ల వైపు ఒక పల్లె నుంచి వచ్చింది. రాసినావిడ తన పేరు, ఊరి పేరు వేయవద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం. ముఖ్యమైనవేవీ వదలకుండా కుదించి ముందు చెబుతాను.

ఆమెకు 43 ఏళ్లు. ఇంట్లో భర్త, అత్తమ్మ, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు. మూడు బర్రెలున్నాయి. రోడ్డు పక్కన అర ఎకరంలో ఇల్లు, కొట్టం, ఒక చింతచెట్టు. ఇంకో ఎకరన్నర వెనక ఉంది, బోరు అక్కడే. క్యారెట్, టమాటా వేస్తారు, దసరా ముందు బంతి. ఈ రెండు ముక్కల మధ్య ఉన్న నాలుగెకరాలు భర్త చిన్నాన్న కొడుకులవి. వాళ్లు అమ్ముకుని సిటీకి వెళ్లిపోయారు. కొన్నది హైదరాబాద్‌లో పెద్ద వ్యాపారం చేసే కుటుంబం. రెండేళ్లలో అక్కడ ప్రహరీ లేచింది, ఇల్లు లేచింది, స్విమ్మింగ్ పూల్ వచ్చింది. శుక్రవారం రాత్రి వస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతారు.

“మంచోళ్లే మేడమ్, చెడ్డోళ్లు కాదు. నా కష్టం కూడా అదే” అని రాశారామె. ఆ ఇంటావిడ ఈమె కంటే పదేళ్లు పెద్ద. అయినా ఈమెనే “అక్కా” అని పిలుస్తుంది. వచ్చిన ప్రతిసారీ పాలు, నాటుకోడి గుడ్లు, చింతచిగురు దొరికే రోజుల్లో చింతచిగురు పట్టుకెళ్తుంది. డబ్బుల మాట వస్తే “మీరు మా ఫ్యామిలీ కదక్కా, మనలో మనకి లెక్కలేంటి” అంటుంది. ఆదివారం వెళ్లిపోయేటప్పుడు, రాత్రి పార్టీలో మిగిలిన బిర్యానీ కవర్లో పోసి ముడేసి, డ్రైవర్ చేత పంపిస్తుంది. అతను కారు దిగి లోపలికి కూడా రాడు. కొట్టం గుంజకి తగిలించి, హారన్ కొట్టి వెళ్లిపోతాడు.

వాళ్లకొక హస్కీ కుక్క ఉంది, పేరు బ్రూనో. దానికి ఏసీ గది. ఎండాకాలం రాత్రి రెండింటికి కరెంటు పోతే హైదరాబాద్ నుంచి ఈమె భర్తకు ఫోన్ వస్తుంది: “అన్నా, జనరేటర్ ఆన్ అయిందో లేదో కాస్త చూడరా, బ్రూనోకి ఉక్కపోస్తుంది.” ఆయన టార్చి పట్టుకుని వెళ్తాడు. తిరిగొచ్చి ఫ్యాన్ తిరగని తన ఇంట్లో పడుకుంటాడు. రెండు పుంగనూరు ఆవుల్ని కూడా తెచ్చారట. చుట్టాలు వచ్చినప్పుడు యజమాని పీట వేసుకుని పాలు పిండబోయారు. నడుమెత్తు కూడా లేని ఆ ఆవు ఒక్క తన్ను తన్నింది. అప్పటినుంచి పిండేది ఈమె భర్త, చెంబు పట్టుకుని ఫోటో దిగేది సారు.

మొన్న రోహిణి కార్తెలో ఊరి కుంట ఎండిపోయింది. వాచ్‌మన్ గేటు బార్లా తీసి టీకి పోయాడు. వీళ్ల పెద్ద బర్రె తిన్నగా లోపలికి నడిచి, స్విమ్మింగ్ పూల్ మెట్లు ఒక్కొక్కటే దిగి, మెడ దాకా నీళ్లలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. అత్తమ్మ గట్టు మీద పచ్చగడ్డి పట్టుకుని “రాయే తల్లీ, రాయే, ఇజ్జత్ దీస్తున్నవ్” అని బతిమాలింది. నీళ్లు తోడించి మళ్లీ నింపించడానికి పదిహేను వేలు కట్టమని వాళ్ల మేనేజర్ చీటీ పంపాడు.

అత్తమ్మ జొన్నరొట్టె కొడుతుంటే ఆ ఇంటమ్మాయి వీడియో తీసి ఫోన్లో పెట్టింది. వేలమంది చూశారట. ఇప్పుడు అత్తమ్మ మంచి చీర కట్టుకుంటే గానీ పిండి ముట్టడం లేదు. “పొయ్యి దిక్కు లైటు మంచిగ పడ్తలేదు, జరంత ఇటు జరుపుండ్రి” అంటోందట. కూతురు మాత్రం స్నేహితురాళ్లని ఇంటికి పిలవడం మానేసింది.

ఇక భర్త. చిట్టీ పాడి, అరవై వేలు పెట్టి ఇనుప గేటు చేయించాడు. సింహం తలకాయలు, పైన ఆర్చి. ప్రహరీ లేదు. గేటుకి అటూ ఇటూ పాత ముళ్లకంచే, కంచెలో ఎప్పటిదో సందు. ఇంటిల్లిపాదీ, బర్రెలూ ఆ సందులోంచే పోతారు. ఆయనొక్కడే తాళం తీసి గేటులోంచి వస్తాడు, మళ్లీ తాళం వేస్తాడు.

శనివారం రాత్రి డీజే ఒంటిగంట దాకా. తెల్లారి బర్రెలు సరిగ్గా చేపడం లేదు, పాలు దిగడం లేదు. వెనక పొలానికి తరాలుగా ఉన్న బాట ఇప్పుడు వాళ్ల ప్రహరీ లోపల పడింది. సాయంత్రం ఆరు దాటితే వాచ్‌మన్ “సార్‌ని అడగాలె” అంటాడు. పైగా వాళ్ల సిద్ధాంతి ఈశాన్యం తెగిందని చెప్పాడట. కొట్టం ఉన్న వైపు పది గుంటలు ఇస్తే మంచి ధర కడతామన్నారు. భర్త తలూపి వచ్చాడు. పాసుపుస్తకం ఉన్నది అత్తమ్మ పేరు మీద. ఆమెకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

“పగలు ఊళ్లో అందరికీ చెప్పి నవ్విస్త. రాత్రి పడుకున్నంక ఏడుపొస్తది. మేం వాళ్లకి పక్కింటోళ్లమా, పనోళ్లమా? మీరే చెప్పాలె” అని ఉత్తరం ముగించారు.

చెల్లీ,

మీ చివరి వాక్యం దగ్గర నుంచే మొదలుపెడతాను. మీ కష్టాల్లో సగం, మీరు ఏది చుట్టరికంగా చేస్తున్నారో, ఏది పనిగా చేస్తున్నారో మీకే తెలియకుండా పోవడం వల్ల వచ్చినవి. వాళ్లకీ తెలియడం లేదు. తెలియకపోవడం వాళ్లకి సుఖంగా ఉంది, మీకు బరువుగా ఉంది.

మీ ఊళ్లో ఈ లెక్క ఎప్పటినుంచో ఉంది, గుర్తు చేసుకోండి. మజ్జిగ అడిగితే చెంబెడు పోస్తాం, పైసా తీసుకోం. మజ్జిగ అమ్ముకున్నారంటే ఊరంతా నవ్వుతుంది. పాలు మాత్రం సొంత తోడికోడలికి పోసినా నెలాఖరున లెక్క చూసుకుంటాం. దాంతో చుట్టరికం ఎక్కడా చెడలేదు. లెక్క ఉంది కాబట్టే నిలబడింది. ఒకరింటి నాట్లకి ఇంకొకరు వెళ్తే, తమ పొలంలో నాట్లప్పుడు వాళ్లు తిరిగి వస్తారు. చేబదులు తీసుకున్న బియ్యం అదే శేరుతో తిరిగి కొలుస్తారు. మీ కొత్త పొరుగువాళ్లకి ఈ పద్ధతి ఎవరూ చెప్పలేదు. సిటీలో పాలు ప్యాకెట్‌లో వస్తాయి, డబ్బు యాప్‌లో పోతుంది. పల్లెలో అన్నీ ప్రేమతో ఊరికే దొరుకుతాయని వాళ్లు నిజంగానే నమ్ముతున్నట్టున్నారు. అందుకే ‘ఫ్యామిలీ’ అనే మాట వాళ్లకి అబద్ధంగా అనిపించడం లేదు.

కాబట్టి పాలతో మొదలుపెట్టండి. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఖాతా తెరవడం. శుక్రవారం ఆవిడ వచ్చినప్పుడు చిన్న నోటుబుక్కు చూపించి, “అమ్మా, మా ఊళ్లో మజ్జిగ ఊరికే ఇస్తాం, పాలకి ఖాతా రాస్తాం. మా ఆడబిడ్డకైనా ఇంతే. ఈ నెల నుంచి మీదీ రాస్తున్నా” అనండి. ధర కొత్తగా ఆలోచించక్కర్లేదు. డెయిరీ వాళ్లు వెన్న శాతం చూసి మీకు ఎంత కడుతున్నారో దానికి కాస్త పైన చెప్పండి, ఇంటి దగ్గర చిక్కటి పాలు దొరుకుతున్నాయి కదా. గుడ్లకీ అంతే. చింతచిగురు మాత్రం ఊరికే ఇవ్వండి, అది చెట్టు ఇచ్చింది. ఇలా అడిగితే ఆవిడ మొదట కాస్త చిన్నబుచ్చుకోవచ్చు. ఒకటి రెండు వారాలు పాలకి రాకపోవచ్చు కూడా. ఆ పాలు డెయిరీకి పోతాయి, మీకు నష్టం లేదు. మళ్లీ వస్తే డబ్బుతోనే వస్తుంది.

రెండోది, ఏమీ అనకుండా తగ్గించుకుంటూ పోవడం. “ఈవాళ పాలు లేవమ్మా, బర్రె వట్టిపోయింది” అని ఏదో ఒకటి చెప్పడం. ఎక్కువమంది చేసేది ఇదే. మొహమాటం మిగులుతుంది, అబద్ధం గుర్తుపెట్టుకునే టెన్షన్ మీకే. పైగా గోడ అవతలివాళ్లకి మీ కొట్టం కనిపిస్తూనే ఉంటుంది. నాకైతే నోటుబుక్కే మంచిదనిపిస్తోంది. కానీ ఆ మాట అనాల్సింది మీరు, మీ నోటికి ఏది వస్తుందో మీకే తెలుసు.

ఇక ఆ కవర్ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. తినేది మిగిలితే పారేయకుండా పంచుకోవడం తప్పేం కాదు. పెళ్లి భోజనాలు మిగిలితే మనమూ ఊళ్లో పంచుతాం. కానీ గిన్నెలో పెట్టి, ఇంట్లోకి వచ్చి, “వేడి చేసుకుని తినండి” అని చేతికిస్తాం. ఆ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకుండా రెండు సకినాలో, నాలుగు టమాటాలో వేసి ఇస్తాం. గుంజకి తగిలించిన కవర్‌కి ఆ తిరుగు ప్రయాణం లేదు, అందుకే అది మీ మనసులో అంతగా గుచ్చుకుంది. దీనికి గొడవ అక్కర్లేదు. డ్రైవర్ హారన్ కొట్టగానే మీరే బయటికి వెళ్లి, “బాబూ, ఇది తీసుకెళ్లి అమ్మగారికి చెప్పు. మాకు ఇవ్వాలనుకుంటే పార్టీకి ముందే ఒక గిన్నె తీసి పంపమను, మిగిలింది వద్దను” అనండి. మిగిలింది వాళ్ల వాచ్‌మన్‌కో, తోటమాలికో ఇవ్వమని మాత్రం అనకండి. మీకు వద్దనిపించిన గౌరవలోపం ఇంకొకరి గుంజకి తగిలించడం మీకూ ఇష్టం ఉండదు.

బ్రూనో, జనరేటర్, పుంగనూరు ఆవులు. ఇది పని, చెల్లీ. రాత్రి రెండింటికి లేచి వెళ్లడం నూటికి నూరుపాళ్లు పని. దీనికి నెల జీతం మాట్లాడుకోవచ్చు. కుక్కకి వారంలో ఐదు రోజులు తిండి, ఆవుల పాలు పిండడం, జనరేటర్ చూడటం అని మూడు పనులూ విడివిడిగా చెప్పి, దేనికెంత అని అడగవచ్చు. డబ్బు వస్తుంది, చిట్టీ వాయిదాలకి పనికొస్తుంది. కానీ ఒకటి ఆలోచించండి. జీతం తీసుకున్నాక మీ ఆయన వాళ్ల మనిషి అవుతాడు. నాట్ల రోజున, పండగ రోజున “రాలేను” అనడం ఇప్పటికంటే కష్టమవుతుంది. బాట గురించి, పది గుంటల గురించి మాట్లాడేటప్పుడు ఎదురుగా ఉన్నది పొరుగువాడు కాక యజమాని అవుతాడు. ఆయనకి ఆ పని ఇష్టమైతే బాట వ్యవహారం తేలిన తర్వాతే ఒప్పుకోమనండి. ఇష్టం లేకపోతే, “మీ వాచ్‌మన్‌కి జనరేటర్ నేర్పిస్తాను, రెండు రోజులు వచ్చి చూపిస్తా, తర్వాత అతనే చూసుకుంటాడు” అంటే సరిపోతుంది. అది సాయం చేసినట్టూ ఉంటుంది, వదిలించుకున్నట్టూ ఉంటుంది.

బర్రె విషయంలో మీకు పూర్తిగా అనుకూలంగా చెప్పలేను. పశువుని కట్టేసుకోవాల్సిన బాధ్యత మనదే. ఇదివరకు పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డిలో పెట్టించేవారు, తప్పు కట్టి విడిపించుకునేవాళ్లం. అదే సమయంలో గేటు బార్లా తీసి వెళ్లింది వాళ్ల మనిషి. బర్రెకి ఆవు కంటే చెమట గ్రంథులు తక్కువ, నల్లటి తోలు ఎండని పీల్చేస్తుంది. రోహిణి కార్తెలో కుంట ఎండిపోతే, కనిపించిన నీళ్లలో అది దిగకుండా ఉండదు. కాబట్టి తప్పు రెండు వైపులా ఉంది. మేనేజర్ చీటీకి మేనేజర్‌తో కాకుండా యజమానితోనే మాట్లాడండి. “సగం మేం భరిస్తాం, సగం మీ గేటుది” అనవచ్చు. లేదా ఆయన ఇన్నాళ్లూ ఊరికే తాగిన పాల లెక్క తీసి, చెల్లుకి చెల్లు అనవచ్చు. రెండోది వినడానికి బాగుంటుంది గానీ, పాత పాల లెక్క రాసిపెట్టి లేదు కాబట్టి అది వాదనగా మారుతుంది. మొదటిదే శుభ్రమైన దారి.

డీజే గురించి మొహమాటం అక్కర్లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. ముందు మీరే ఫోన్ చేసి, బర్రెలు చేపడం లేదని, పాప చదువుకుంటోందని చెప్పండి. బెదిరిన పశువు పాలు ఎగబట్టుకుంటుందని సిటీవాళ్లకి తెలిసే అవకాశం లేదు. చెప్పినా ఆగకపోతే 100కి ఫోన్ చేసే హక్కు మీకుంది. అయితే ఒకసారి పోలీసులు గేటు ముందుకి వచ్చాక పొరుగుతనం మునుపటిలా ఉండదు, అది తెలిసే చేయండి.

అత్తమ్మ వీడియోల సంగతి ఆమెకే వదిలేయండి. ఇన్నేళ్లు పొయ్యి ముందు కూర్చున్న మనిషి రొట్టెని వేలమంది మెచ్చుకుంటే ఆమెకి సంతోషంగా ఉంది, ఉండనివ్వండి. కానీ మీ ఇల్లు, మీరు, ముఖ్యంగా మీ అమ్మాయి ఆ ఫ్రేములో పడాలా వద్దా అనేది మీ ఇష్టం. “అత్తమ్మ వరకు తీయండి, ఇంట్లోకి కెమెరా వద్దు” అని ఆ అమ్మాయికి చెబితే అర్థం చేసుకుంటుంది. ఇప్పటికే పెట్టినవాటిలో మీ పాప కనిపిస్తే తీసేయమని అడగండి. పాప స్నేహితురాళ్లని పిలవడం మానేయడం ఆ వీడియోల దగ్గరే మొదలై ఉండవచ్చు. ఒకసారి తనతో ఒంటరిగా కూర్చుని అడగండి.

మీ ఆయన గేటు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి.

మీరు ఉత్తరంలో ఒక మాట రాసి, దాన్ని దాటి వెళ్లిపోయారు. ఆ నాలుగెకరాలు ఆయన చిన్నాన్న కొడుకులవి. అంటే ఆయన చిన్నప్పుడు ఆడుకున్న చేను, తండ్రితో కలిసి నాగలి పట్టిన నేల. పాలివాళ్లు అమ్ముకుని వెళ్లిపోయారు, చేతినిండా డబ్బు, సిటీలో ఇల్లు. అమ్మకుండా నిలబడిన మనిషి ఆయన. నిలబడినందుకు ఆయనకి దక్కిందేమిటి? తన తాత భూమిలోకి వెళ్లడానికి వాచ్‌మన్ అనుమతి అడగాల్సి వస్తోంది. ఆ ఇంట్లో చెంబు ఒకరు పట్టుకుంటే పాలు తను పిండాలి. అలాంటి మనిషి అరవై వేలు పెట్టి గేటు చేయించుకున్నాడంటే, ఎవరో ఒకరు తన గడప దగ్గర కూడా ఆగి, అడిగి లోపలికి రావాలని ఆయనకి ఉంది. ఊరు నవ్వింది, మీరూ నవ్వారు. బహుశా ఆయనకి అది వినిపించింది కూడా.

ఆ అప్పు మంచిదని నేను అనను. కూతురి చదువు ముందుంది, చిట్టీ పాడిన డబ్బు వాయిదాలుగా కడుతూనే ఉండాలి. ఆ మాట ఆయనతో గట్టిగానే అనండి, ఇకమీదట ఇద్దరూ కలిసి నిర్ణయించకుండా వెయ్యి దాటి ఖర్చు పెట్టకూడదని మాట తీసుకోండి. గేటు తీసి అమ్మేస్తే ఇనుము ధర వస్తుంది, ఆయన మనసు విరుగుతుంది. ఉంచితే, కంచెలో ఆ సందు మూసేసి, అటూ ఇటూ గోరింటాకు మొక్కలు దట్టంగా నాటండి. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఖర్చు లేదు, రెండు మూడేళ్లలో పశువు దూరనంత కంచె అవుతుంది. అప్పుడు బర్రెలు కూడా గేటులోంచే పోతాయి. ముందుగా మీరు ఆ గేటులోంచి నడవడం మొదలుపెట్టండి. తాళం తీయమని ఆయన్నే అడగండి.

ఇప్పుడు అసలైన విషయం. బాట, పది గుంటలు. వీటిని మీరు ఉత్తరంలో చివర రాశారు, నేనైతే రేపు పొద్దున్నే మొదలుపెట్టమంటాను. మిగతావన్నీ రెండు నెలలు ఆగినా ఫర్వాలేదు.

ఇప్పుడు వాచ్‌మన్ దయ మీద బాట నడుస్తోంది. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ రేపు ఆ నాలుగెకరాలు ఇంకొకరికి అమ్మితే? కొత్తవాళ్లు గేటు మూసేస్తే మీ ఎకరన్నరకీ, బోరుకీ దారి లేదు. దారి లేని భూమికి ధర ఉండదు, దాన్ని మీకు గిట్టని ధరకి అడిగేవాళ్లు మాత్రం ఉంటారు. మీకు చట్టం తోడుగా ఉంది. ఒకటిగా ఉన్న భూమిని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, ఒకరి వాటాకి రెండోవాళ్ల వాటాలోంచి తప్ప దారి లేకపోతే, ఆ దారి హక్కు పంపకంతో పాటే వస్తుంది. అది కాకుండా, 20 ఏళ్లకు పైగా ఎవరి అనుమతీ అడగకుండా, అందరికీ తెలిసేలా, ఆటంకం లేకుండా నడిచిన దారి మీద కూడా హక్కు ఏర్పడుతుంది. కొన్నవాళ్లు ఆ భూమిని ఈ బరువుతో సహా కొన్నట్టే. ముందుగా తహసీల్దారు ఆఫీసులో ఊరి నక్ష, అంటే ఊరి భూముల పటం, నకలు తీసుకోండి. బండ్ల బాట అందులో గీసి ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. మీ మామగారికి, ఆయన తమ్ముడికి మధ్య పంపకం కాగితం ఏదైనా ఉంటే, తెల్లకాగితం మీద రాసుకున్నదైనా సరే, వెతికి జాగ్రత్త చేయండి. భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉంది అని రాసి ఉండే పాత పహాణీలు కూడా.

ఈ కాగితాలతో మూడు రకాలుగా వెళ్లొచ్చు. కోర్టుకి వెళ్లడం ఒకటి. గెలిచే అవకాశం బాగానే ఉంది, కానీ ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ గోడకి అటూ ఇటూ పగతో బతకాలి. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100 నంబరుకి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లోని న్యాయ సేవా సంస్థ వివరం చెబుతారు. కేసు వేయకముందే వాళ్ల ద్వారా ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే పద్ధతి కూడా ఉంది, అది అడగండి.

పది గుంటలు అమ్మేయడం ఇంకొకటి. మంచి ధర అంటున్నారు, చిట్టీ తీరుతుంది, పాప చదువుకి కొంత మిగులుతుంది. కానీ కొట్టం ఎక్కడికి పోతుంది? మిగిలిన పది గుంటల్లో ఇల్లు పోను మూడు బర్రెలకి చోటు చాలుతుందా? పైగా భూమి మీ మామగారి నుంచి వచ్చినదైతే, పాసుపుస్తకం అత్తమ్మ పేరు మీద ఉన్నా మీ ఆడబిడ్డ ఉంటే ఆమెకీ వాటా ఉంటుంది. కొనేవాళ్ల లాయరు ఆమె సంతకం అడుగుతాడు. అత్తమ్మకి చెప్పకుండా మీ ఆయన తలూపిన తలూపుకి విలువ లేదు, కానీ ఆ సంగతి బయటివాళ్ల నోటి నుంచి ఆమె విన్నదంటే ఇంట్లో పెద్ద గాయం అవుతుంది. ఈ రాత్రే ఆయన చేత చెప్పించండి.

మూడో దారి నాకు ఎక్కువ నచ్చింది. వాళ్లకి మీ ఈశాన్యం కావాలి, మీకు వాళ్ల బాట కావాలి. సిద్ధాంతి చెప్పాక వాళ్లకి ఆ ముక్క ఇంకెక్కడా దొరకదు. ఆ సంగతి వాళ్లకి తెలుసు, మీ ఆయనకే ఇంకా తెలియలేదు. కొట్టం కదలకుండా ఎన్ని గుంటలు ఇవ్వగలరో కొలిపించి, దానికి బదులుగా ట్రాక్టరు పట్టేంత వెడల్పు బాట, ప్రహరీ బయటి నుంచి, మీ పేరు మీద రిజిస్టర్ చేయించమని అడగండి. ధరలో తేడా ఉంటే డబ్బుగా తీసుకోండి. దస్తావేజులో బాట వెడల్పు, హద్దులు, అది ఎప్పటికీ మీ వారసులకీ చెల్లుతుందనే మాట స్పష్టంగా ఉండాలి. “నడుచుకోండి, ఎవరు వద్దన్నారు” అనే నోటిమాట చాలదు. కొలతలు సర్వేయరు చేత కొలిపించాకే డబ్బు ముట్టుకోండి. మార్పిడిలో ఒక నష్టం కూడా ఉంది. ఒకసారి ఇచ్చిన నేల తిరిగి రాదు, మీ చింతచెట్టు ఆ గుంటల్లో పడుతుందో లేదో చూసుకోండి.

ఇంకొక చిన్న మాట. మీ ఆయన వయసు 59 లోపే ఉంటే, ఈ కాగితాల పని చేస్తున్నప్పుడే కొంత భూమి ఆయన పేరు మీదికి మార్చే విషయం అత్తమ్మతో, ఆడబిడ్డ ఉంటే ఆమెతో కూడా మాట్లాడండి. పట్టాదారు అయితే ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల జీవిత బీమా, రైతు బీమాకి అర్హత వస్తుంది. అత్తమ్మ వయసు దాటిపోయి ఉంటుంది కాబట్టి ఇప్పుడు మీ ఇంట్లో ఎవరికీ ఆ రక్షణ లేదు.

వాళ్లతో మాట్లాడటానికి శనివారం పొద్దున వెళ్లండి, పార్టీ మొదలుకాక ముందు. మీ ఆయన్ని ఒంటరిగా పంపొద్దు, ఆయన “ఓకే సార్” అనేస్తాడు. మీరూ వెళ్లండి, అత్తమ్మని తప్పకుండా తీసుకెళ్లండి. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ బాట మీద గడ్డిమోపులు మోసిన మనిషి ఆమె. బాట ఏ చెట్టు దగ్గర మలుపు తిరిగేదో, పంపకం రోజున హద్దురాయి ఎవరు పాతారో ఆమెకి తెలుసు. అక్కడికి వెళ్లాక ఆమెని నిలబెట్టి అడగకుండా, ముందు కూర్చోబెట్టి, మొదటి మాట ఆమె చేతే మాట్లాడించండి.